జింజిరి వెంట ఎగువకోనకు

1981 మామిడి కాలంలో మా నాయన గురప్పకు చూపు పోయింది. ఏ రోజు పోయిందో చెప్పలేము. మాకు జూన్‌లో తెలిసింది. అప్పటికే ఆయన ఒక పొట్టికాళ్ల కుక్కను ముందు నడిపించుకుంటూ కొండెక్కి ఆకు తెస్తున్నాడు.

నాయన విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు. పుత్తూరు కట్టు అందరికీ తెలుసు. మాది ఆ కుటుంబం కాదు, ఆ కట్టూ కాదు. వడమాలపేట నుంచి కొండవైపు పోయే మట్టిరోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మా ఊరు. చుట్టుపక్కల తోపుల్లో చెట్ల మీది నుంచి పడినవాళ్లు, బండి చక్రం కింద కాలు పెట్టినవాళ్లు మా ఇంటికి వచ్చేవాళ్లు. వచ్చేటప్పుడు కోడిగుడ్లు, పాత పంచె తెచ్చుకునేవాళ్లు. నాయన విరిగిన చోటును వేళ్లతో తడిమి, ఎముకను సరిచేసి, గుడ్డు తెల్లసొన కలిపిన ఆకుముద్దను పట్టించిన గుడ్డ చుట్టేవాడు. పైన వెదురు బద్దలు పెట్టి దారంతో బిగించేవాడు.

ఆ ఆకుకు మా ఇంట్లో పేరు లేదు. ఆకు అనే అనేవాళ్లం. అది ఏ చెట్టుదో నాయనకు తప్ప ఎవరికీ తెలియదు. కొండ మీదే బండ మీద వేసి నూరి, ముద్దలు చేసి, టేకాకుల్లో చుట్టి తెచ్చేవాడు. ఇంటికి చేరేసరికి ఆకు రూపం ఉండేది కాదు. ఆయన వెంట ఎవరూ పోకూడదు. మా తాత పెట్టిన నియమం అది. ఆకును ఇంటి కొడుక్కు మాత్రమే చూపించాలి. కూతురికి చూపిస్తే ఇంకో ఇంటికి పోతుంది. చూసిన కొడుకు ఒకరి దగ్గర జీతానికి కుదరకూడదు.

కొడుకును నేనొక్కడినే. రేణిగుంట స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా చేరాను. ఆ రోజు నుంచి నాయన ఆకు మాట మళ్లీ ఎత్తలేదు. మా అక్క వసంతమ్మ పలమనేరులో కాపురం వదులుకుని వచ్చి అప్పటికి చాలా కాలమైంది. చెక్క గరిటెతో ముద్దలో తెల్లసొన కలపడం, గుడ్డకు పట్టించడం ఆమె పని.

కుక్క మార్చిలో వచ్చింది. మా స్టేషన్లో గూడ్సు గార్డు డిక్రూజ్ బ్రేకువ్యాను దిగుతూ జారిపడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. నేనే ప్యాసింజర్లో వెంటబెట్టుకుని వచ్చాను. కుక్కను ఇంట్లో వదిలి రావడానికి ఎవరూ లేరని దాన్ని కూడా తెచ్చాడు. పొడుగు నడుము, జానెడు కాళ్లు. ముందుకాళ్లు లోపలికి వంగి, పాదాలు బయటికి తిరిగి ఉన్నాయి. నాయన గార్డుకు కట్టు కట్టాక, కుక్కను ఒళ్లోకి తీసుకుని దాని కాళ్లు తడిమాడు.

"పిల్లప్పుడు ఇరిగినాయి. ఎవురో తిక్కోడు వంకరగా అతికించినాడు," అన్నాడు.

గార్డు నవ్వాడు. ఆ జాతే అంతనీ, దాని తల్లికీ తండ్రికీ అవే కాళ్లనీ చెప్పాడు. నేను అదే మాట నాయనకు చెప్పాను.

"జాతి జాతంతా ఇరగ్గొట్టుకుంటాదా? ఇంగోసారి ఇరిచి కడితే నిటారుగా వస్తాయి."

గార్డు కుక్కను లాక్కున్నాడు. విరవకుండా కట్టు మాత్రం కట్టేటట్టు ఒప్పందం కుదిరింది. సాయంత్రం ప్యాసింజరు వచ్చేలోపే కుక్క దారం కొరికి, తెల్లసొన నాకి, బద్దలు పక్కన పడేసింది. దానికుండే తెలివి మనుషులకుంటే నీ కట్టు ఒక్కటీ నిలవదని మా అమ్మ జ్ఞానాంబ నాయనతో అంది.

ఏప్రిల్‌లో గార్డు రిటైరై పెరంబూరులో చెల్లెలి ఇంటికి పోతూ కుక్కను మా ఇంట్లో వదిలాడు. పేరు జింజర్ అని చెప్పాడు. అమ్మ జింజిరి అని పిలిచింది. ఊళ్లో మొసలి అన్నారు.

వేసవిలో కొండ కింది వాలులో ఆకు మాడిపోతుంది. ఎగువకోనలో నీళ్లు ఊరే చోట మాత్రం పచ్చగా ఉంటుంది. మామిడి కోతలూ అప్పుడే. మనుషులు చెట్లెక్కడం, పడటం అప్పుడే. ఆకు ఎక్కువ కావలసి వచ్చిన కాలంలోనే అది దూరంగా ఉండేది.

మే మొదట్లో నాయన జింజిరి మెడకు మేకగంట కట్టి కొండకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన ఏ కుక్కనూ తీసుకుపోలేదు. కుక్కల వాసనకు చిరుతలు దిగుతాయని మాకు చెప్పిందీ ఆయనే. ఊరి చివర తోపు వరదయ్యది. ఆయన గట్టు మీద నుంచి పిలిచి అడిగేవాడు.

"ఏం గురప్పా, దాన్ని నువ్వు తోలకపోతాండావా, అది నిన్ను తోలకపోతాందా?"

"ఊరకుక్కలు కుందేలు కనపడితే ఉరుకుతాయి. ఇది మనిషి నడక నడస్తాది."

"చిరుతకు అది ఒక బుక్కకు కూడా చాలదప్పా."

"ఆ కాళ్లు సూస్తే చిరుతకు నవ్వొస్తాది. తినదు."

కొండ నుంచి వచ్చేసరికి జింజిరి పొట్ట కింది చర్మం రాళ్లకు ఒరుసుకుని ఎర్రబడేది. నాయన ఆముదం రాసేవాడు. పాదాల మధ్య ఇరుక్కున్న పరికి ముళ్లను వేళ్లతో వెతికి తీసేవాడు. వాటి కోసం ఆయన కిందికి చూసేవాడు కాదు. అది మేము అప్పుడు గమనించలేదు. ఎముకల పని కూడా ఆయన ఎప్పుడూ అట్లాగే, ముఖం పక్కకు తిప్పి చేసేవాడు.

మే నెలాఖర్లో వరదయ్య తోపులో కాయలు కోసే గోవిందు కొమ్మ విరిగి పడ్డాడు. ఎడమ చెయ్యి, మోచేతికీ మణికట్టుకూ మధ్య. నాయన కట్టు కట్టి పంపాడు. వారం తిరక్కుండానే గోవిందు భార్య తాయమ్మ అతన్ని మళ్లీ తీసుకొచ్చింది. కట్టు లోపల మంటకు అతనికి నిద్ర లేదు. విప్పి చూస్తే చెయ్యి పొడవునా బొబ్బలు. నాయన గుడ్డు మురిగిందన్నాడు. కడిగి, బొబ్బలు ఆరనిచ్చి, కొత్త ముద్దతో మళ్లీ కట్టాడు. మళ్లీ పొక్కింది. ఈసారి చీము పట్టింది. కట్టు నిలవకపోవడంతో సరిచేసిన ఎముక మళ్లీ కదిలింది.

తాయమ్మ గట్టిగా మాట్లాడలేదు. అరుగు కింద నిలబడే చెప్పింది.

"పుత్తూరుకు పోతానని ఈయన అంటే నేనే ఆపినా. మన గురప్ప ఉండాడు గదా అంటి. చెయ్యి వంకరపోతే చెట్టు పట్టుకోలేడు. చెట్టెక్కలేనోణ్ణి కోతకు ఎవురు పిలస్తారయ్యా?"

పుండ్లు మానేదాకా బద్దలు మాత్రం వదులుగా కట్టుకోమనీ, తర్వాత తానే ఇంటికి వచ్చి కడతాననీ నాయన చెప్పాడు. అదే వారంలో తడుకు నుంచి వచ్చిన ఒక ముసలామె కాలికి కూడా బొబ్బలు లేచాయి.

ఆ ఆదివారం నేను ఇంటికి వచ్చాను. అక్క బావి దగ్గర గుడ్డలు ఉతుకుతూ చెప్పింది.

"గుడ్డు కాదురా మునికృష్ణా. ముద్ద వాసన మారింది. రెండు వాసనలు వస్తాండాయి."

నాయనకు చెప్పావా అని అడిగాను. చెప్పిందట. ముక్కుపొడి పీల్చేది నేను, ముక్కు చెడింది నీకా అన్నాడట. నాయనకు చిన్నప్పటి నుంచీ ముక్కుపొడి అలవాటు. వాసన ఆయనకు ఎప్పుడో పోయింది. ఆకును కంటితోనే పోల్చుకునేవాడు.

"నువ్వు ఎనక పోయి సూసి రా," అంది అక్క.

పోకూడదు గదా అన్నాను.

"నేను సూడకూడదు. నువ్వు కొడుకువి."

"జీతగాణ్ణి."

"సెలవు పెట్టు. ఆ పొద్దుకు జీతగాడివి కాదు."

మరునాడు తెల్లవారగానే నాయన బయలుదేరాడు. గంట చప్పుడు వినిపించేంత దూరంలో నేను వెనక నడిచాను. కట్టెలవాళ్ల దారి అది. మొదట ఎర్రమట్టి, తర్వాత గులకరాళ్లు, ఆపైన పెద్ద రాతిగుండ్లు. జింజిరి ముందు నడుస్తోంది. గంట ఆగితే నాయన ఆగుతున్నాడు. గంట మోగితే కర్రతో ముందు తట్టి అడుగు వేస్తున్నాడు. గుండ్లు మొదలైన చోట కుక్క రాతి మీద ముందుకాళ్లు ఆనించి నిలబడింది. ఎక్కడానికి దానికి కాళ్లు చాలవు. నాయన వంగి, చేత్తో వెతికి, దాన్ని ఎత్తి పైన పెట్టాడు. పైన గోళ్ల చప్పుడు ఏ వైపు పోయిందో విని ఆ వైపు ఎక్కాడు. వాలుబండ దగ్గర తువ్వాలుతో జోలె కట్టి కుక్కను మెడకు వేలాడేసుకుని, కూర్చుని, చేతులతో బండను పట్టుకుంటూ జరిగాడు. అది దాటాక కుక్కను దించాడు. అది తల విదిలించింది. గంట మోగింది. మళ్లీ నడిచారు.

బండ దాటాక వెదురు పొదల మధ్య దారికి అడ్డంగా ఒక చెట్టు పడి ఉంది. నడుమెత్తున ఉంది. గాలికి ఈమధ్యే పడినట్టుంది. జింజిరి తల కూడా వంచకుండా దాని కింద నుంచి దూరి అవతలికి పోయింది. గంట ఆగలేదు. నాయన ఆ గంట వెనకే నడిచి చెట్టుకు కొట్టుకుని పడ్డాడు.

నేను పిలవలేదు. నాయన లేచి కూర్చుని, పక్కటెముకలను ఒక్కొక్కటిగా నొక్కి చూసుకున్నాడు. వచ్చినవాళ్లకు ఎట్లా చూసేవాడో అట్లాగే. తర్వాత చెయ్యి చాచి మొద్దును ఈ చివర నుంచి ఆ చివరకు తడిమి, దాన్ని దాటాడు. కుక్క అవతల కూర్చుని ఉంది.

ఎగువకోనలో ఊట దగ్గర జింజిరి నీళ్లు తాగింది. ఆ తర్వాత నా వాసన పట్టింది. నేను నిలబడిన చోటికి వచ్చి తోక ఊపింది. దాంతోపాటు గంట మోగింది.

"ఎవురప్పా అది?" అన్నాడు నాయన.

నేను గుండు చాటు నుంచి బయటికి వచ్చాను. మా ఇద్దరి మధ్య దూరం మా ఇంటి వాకిలంత కూడా లేదు. ఎండ నా ముఖం మీద పడుతోంది. ఆయన నా వైపే తిరిగి ఉన్నాడు.

"కట్టెలకొచ్చినావా? నీళ్లు కావాలంటే ఆ వేరు కింద ఉండాయి. తాగి పో. ఈడ నిలబడొద్దు."

కోసిన ఆకు మీద తువ్వాలు కప్పి, నేను పోయేదాకా ఆగాడు. నేను వంగి నీళ్లు తాగాను. పొదల చాటుకు వెళ్లి మళ్లీ చూశాను. ఊట పక్కన రెండు రకాల మొక్కలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉన్నాయి. ఆకులు ఒకే సైజు, ఒకే మందం. నాయన తడిమి రెండింటి నుంచీ కోస్తున్నాడు. అందులో ఏది ఆకో, ఏది కాదో నాకు తెలియదు. నాయన నూరడానికి బండ మీదికి పోయాక, ఒక్కోదాని నుంచి ఒక రెమ్మ తుంచుకుని మేకలదారిన ముందుగా దిగి వచ్చాను.

అక్క మొదటి రెమ్మను నలిపి వాసన చూసింది.

"ఇది ఆకు."

రెండోది నలిపింది. దాన్ని దూరంగా పారేసి బూడిదతో చేతులు కడుక్కుంది. సాయంత్రానికి ఆమె బొటనవేలు మీద బొబ్బ లేచింది. నాయన చేతులు నూరి నూరి కాయలు కాసి ఉన్నాయి, అందుకే ఆయనకు తెలియలేదు.

చూపు సంగతి ఆమెకు చెప్పాను. ఇద్దరం పోయి అమ్మకు చెప్పాం. అమ్మకు తెలుసు. ఉగాది నుంచీ తెలుసట. కోతలు అయిపోనియ్యి, అంతదాకా పిల్లలకు చెప్పొద్దు అన్నాడట. పళ్లెంలో కూర ఏ పక్క ఉందో ఆమె రోజూ చెబుతోంది. మేము అది విన్నాం కూడా. వడ్డించేటప్పటి మాట అనుకున్నాం.

మరునాడు కూడా నేను డ్యూటీకి పోలేదు. నాయన కర్ర తీసుకుని అరుగు దిగి నాలుక చప్పరించాడు. గంట మోగలేదు. అక్క జింజిరిని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది.

"జింజిరి యాడ?"

"నా దగ్గర ఉండాది. నిన్నటి ముద్ద దిబ్బలో పారేసినా నాయనా. దాంట్లో వేరే ఆకు కలిసింది."

"ఎవురు చెప్పింది?"

"రెండు రెమ్మలూ నా చేతికొచ్చినాయి. నలిపి సూసినా. ఆకు యాదో నాకు తెలిసిపోయింది. ఇంగ దాచేదానికి ఏం లేదు. నేనూ వస్తా."

నాయన ముఖం నేనున్న వైపు తిప్పాడు.

"నిన్న నీళ్లు తాగింది నువ్వేనా?"

అవునన్నాను.

ఆయన ముక్కుపొడి డబ్బీ తీశాడు. పీల్చకుండానే మూత పెట్టి నడుముకు దోపుకున్నాడు. పొయ్యి దగ్గర అమ్మ ఊదడం ఆపింది.

"దాన్ని దించు," అన్నాడు అక్కతో. "అది ముందు నడవాల. నువ్వు దాని ఎనక, నేను నీ ఎనక. దోవలో ఒక చెట్టు పడి ఉండాది. అది కింద దూరి పోతాది. ఆడ నాకు చెప్పు."

అక్క కుక్కను దించింది. ముగ్గురూ పోయారు.

మధ్యాహ్నం వాళ్లు దిగేటప్పుడు నేను వరదయ్య తోపు దగ్గర ఎదురుచూస్తున్నాను. ఆకు నూరలేదు. రెమ్మలతోనే మోపు కట్టి అక్క తలమీద పెట్టుకుంది. కొండమీద నీడలో ఏరితే పొరపాటు పడతాననీ, ఇంట్లో వెలుతురులో ఒక్కో ఆకూ చూసి నూరతాననీ ఆమె అందట. నాయన జింజిరిని జోలెలో వేసుకుని, అక్క కొంగు చివర పట్టుకుని వస్తున్నాడు. కోతమనుషులు పని ఆపి చూశారు. వరదయ్య గట్టు దిగి వచ్చాడు.

"ఏం గురప్పా, మీ ఆకును ఊరంతా సూస్తాండాదే."

"సూడనీప్పా," అన్నాడు నాయన. "నాకు కనపడ్డం లేదు."

వరదయ్య జోలెలో నుంచి కిందికి వేలాడుతున్న కుక్క కాలును లోపలికి పెట్టాడు.

గోవిందు చెయ్యి సరిచేసింది నాయనే. పుండ్లు మాని చర్మం గట్టిపడ్డాక, కదిలిన ఎముకను మళ్లీ లాగి కూర్చోబెట్టాడు. ముద్ద నూరింది, గుడ్డ చుట్టింది, బద్దలు బిగించింది వసంతమ్మ. ఆడమనిషి కట్టిన కట్టు నిలవదని చూడవచ్చినవాళ్లలో ఒకరు అన్నారు. తాయమ్మ ఆ మాట అన్నవాడి వైపు తిరిగింది.

"ఆడది కట్టిందని ఎముక సిగ్గుపడతాదా?" అంది. గోవిందుతో, "నువ్వు కదలబాక," అంది.

మిగిలిన జూన్ అంతా కొండకు పోయింది ముగ్గురే. కుక్క ముందు, అక్క వెనక, నాయన చివర. పడిన చెట్టును కట్టెలవాళ్లు ఒకరోజు నరికి మోసుకుపోయారు. జింజిరి రెండుసార్లు పాదం కోసుకుంది. అక్క పాత గుడ్డతో దానికి కట్టింది. దాన్ని అది కొరకలేదు. నాయనను తిరుపతికి తీసుకుపోయి కంటి డాక్టరుకు చూపించాను. నీటికాసులు అన్నాడు. రెండు కళ్లూ. ఆపరేషన్ చేసినా పోయిన చూపు తిరిగి రాదన్నాడు. నాయన డాక్టరు గదిలో కుర్చీ చెయ్యిని తడుముతూ విన్నాడు. బస్సులో మామిడిపండ్ల వాసన గురించి ఎవరో మాట్లాడుకుంటుంటే, ఏ రకమో అడగమని నాకు చెప్పాడు.

జూలైలో వానలు పడ్డాయి. కింది వాలులో ఆకు చిగిర్చింది. ఎగువకోనకు పోవలసిన పని లేకపోయింది. అక్క ఒక్కతే జింజిరిని తీసుకుని పోయి కోసుకొచ్చేది. ఆ నెలలోనే గోవిందు కట్టు విప్పారు. కొత్త బొబ్బలు లేవు. మొదట చెయ్యి సన్నగా ఉంది. అక్క రోజూ నువ్వులనూనె రాసి, నీళ్లచెంబు ఎత్తించేది.

ఆగస్టులో వరదయ్య తోపులో నీలం కాయల ఆఖరి కోత జరిగింది. గోవిందు చెట్టెక్కాడు. పొద్దు వాలేదాకా కోసి, దిగి, తాయమ్మను వెంటబెట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. నాయన అరుగు మీద ఉన్నాడు. రెండు చేతులూ ఇటు పెట్టమన్నాడు. గోవిందు పెట్టాడు. నాయన ఒక చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా వేళ్లతో నొక్కుతూ పోయాడు. రెండో చేతిని అట్లాగే చూశాడు. మళ్లీ మొదటి చేతికి వచ్చాడు.

"ఇరిగింది ఏ చెయ్యి?" అని అడిగాడు.

గోవిందు ఎడమ చెయ్యి పైకెత్తాడు.

"ఎడమది నాయనా," అంది వసంతమ్మ.